ఎవ్వలకు చెప్తానం?

పోయిన బుధవారం పొద్దున పదిన్నర ప్రాంతంలో, చనిపోయి ఏడెనిమిది నెలలైన మనిషి మా వీధిలోకి వచ్చి పాత కూలర్లున్నాయా అని అడిగాడు.

కాలేజీకి సెలవులు. నేను వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే వీధిలో ఆటో మైకు మోగింది. “పాత ఇనుప సామాన్లు కొంటం. ఖరాబైన ఫ్రిజ్‌లు, కూలర్లు, కుట్టుమిషన్లు కొంటం. ఇంట్ల కాలుకు అడ్డం తగిలేది ఏదున్నా కొంటం.” ఆ చివరి మాట దగ్గర గొంతులో చిన్న నవ్వుంటుంది, అడ్డం తగిలేవాటిలో ఇంటాయన కూడా ఉన్నాడేమోనన్నట్టు. ఆ నవ్వు ఆయనది తప్ప ఇంకెవరిదీ కాదు. కత్తి అక్కడే పడేసి వీధిలోకి పరుగెత్తాను. ట్రాలీ ఆటో నడిపేవాడు నన్ను చూసి బేరం తగిలిందనుకుని బండి ఆపాడు. ఆపాక ఊరికే పంపడం బాగుండదు. మా ఇంట్లో ఆ రోజు పాడైన వస్తువేదీ దొరకలేదు. చక్కగా పనిచేస్తున్న ఇస్త్రీపెట్టె ఇచ్చి, అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నంతసేపూ నిలబడి ఆ గొంతు విన్నాను. కాలేజీ తెరిచేలోగా కొత్తది కొనుక్కోవాలి.

ఆయన్ని అందరూ భాయ్ అనేవాళ్లు. పేరు నేనూ రాయడం లేదు. ఆయన గొంతు తెలియనివాళ్లు వరంగల్, హన్మకొండల్లో ఉండరు. పేరు తెలిసినవాళ్లు మాత్రం నాకు పట్టుమని పదిమంది కనిపించలేదు. ఆటోలకు మైకులు కట్టి వీధివీధికీ తిరుగుతారే, చీరల సేల్ అనీ, కంటి వైద్య శిబిరమనీ, రేపు నల్లా నీళ్లు రావనీ, ఆ మాటలన్నీ రికార్డు చేసి ఇవ్వడం ఆయన పని. చౌరస్తా పక్క గల్లీలో జిరాక్స్ షాపు మీద ఒక గది. లోపల గోడలకు కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత బొంతలు. కిటికీ లేదు. ఉన్నది ఒక్క సీలింగ్ ఫ్యాను, అది కూడా రికార్డింగ్ మొదలవగానే బంద్. “షురూ చేద్దామా” అని ఆయన ఎప్పుడూ అనలేదు. లేచి ఫ్యాను స్విచ్చి తీసేవాడు, చెప్పులు విడిచేవాడు, బుగ్గన ఒక కలకండ పలుకు పెట్టుకునేవాడు. ఇక దానర్థం అందరూ నోరు మూసుకుని చెమటలు కార్చాలని.

నేను ఆయన్ని మొదట చూసింది మాత్రం ఆ గదిలో కాదు, జాతరలో. కాలేజీ పిల్లల్ని వాలంటీర్లుగా తీసుకుపోయాను. నాకు మైకు గుడారం దగ్గర డ్యూటీ వేశారు. తప్పిపోయిన పిల్లల వివరాలు రాసి మైకులో చెప్పేవాళ్లకు అందించాలి. నలుగురు వంతులవారీగా చెప్పేవాళ్లు. ముగ్గురు నేను రాసింది రాసినట్టు చదివేవాళ్లు: పసుపు చొక్కా, నాలుగేళ్ల బాబు, చేతికి నల్లదారం, ఆచూకీ తెలిసినవారు తీసుకురావలెను. నాలుగోవాడు ఈయన. నా కాగితం తీసుకుని, పక్కన ఏడుస్తున్న తల్లిని “ఇంట్ల ఏమని పిలుస్తరు పిలగాన్ని” అని అడిగాడు. చింటూ అని ఆమె చెప్పింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని మైకు దగ్గరికి జరిగాడు.

“చింటూ, ఏడ్వకు బిడ్డా. మీ అమ్మ నా పక్కకే ఉన్నది. నువ్వు ఎటూ ఉర్కకు, ఉన్నకాడనే నిలబడు. పక్కకు ఎవ్వలున్నా వాళ్ల చెయ్యి పట్టుకొని, మైకు కాడికి తీస్కపొమ్మను.”

అంత జనంలో, ఆ దుమ్ములో, ఆయన పిల్లవాడితోనే మాట్లాడాడు. కాసేపటికి ఎవరో ఒకామె చింటూని చంకనేసుకుని వచ్చింది. వాడే వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడమ్మా అంది. నేను తెలుగు పాఠాలు చెప్పి జీతం తీసుకునేదాన్ని, కథలు రాసి రెండు పుస్తకాలు అచ్చేసుకున్నదాన్ని. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది. నేను రాసిన కాగితాల్లో ఒక్కటి కూడా పిల్లవాడితో మాట్లాడలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు ఆయన గది మెట్లెక్కాను. కారణం నాలో పుట్టిన ఒక కొత్త పురుగు. ఈమధ్య అందరూ కథలు వింటున్నారు, చదవడం మానేశారు, చెవిలో వైరు పెట్టుకుని వంట చేసుకుంటూ వింటున్నారు అని ఎక్కడ విన్నా ఇదే మాట. నా కథలు నేనే చదివి వినిపిస్తే ఎట్లా ఉంటుంది? ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు ఇరవై ఏళ్లు తగ్గినట్టనిపించింది. మర్నాటికి మళ్లీ ముప్ఫై పెరిగాయి. చిన్నప్పుడు మా చర్చి క్వయర్‌లో పాట నేర్పే టీచరమ్మ, క్రిస్మస్‌కు ముందు నన్ను పక్కకు పిలిచి, ఎంతో ప్రేమగా, “నువ్వు పెదాలు కదిలించు తల్లీ, చాలు” అని చెప్పింది. అప్పటినుంచి నేను పెదాలు కదిలిస్తూనే ఉన్నాను. నా గొంతుకు ఉన్న పేరు అది. ఇంత వయసొచ్చాక ఆ గొంతుతో ఊరి మీద పడితే, అచ్చులో సంపాదించుకున్న కాస్త పేరు కూడా పోతుందేమోనని భయం.

అయినా ఒకసారి ఏసీ ఉన్న స్టూడియోకి పోయాను. అక్కడివాళ్లు నన్ను మాడ్యులేషన్ చెయ్యమన్నారు. ఏం చెయ్యమంటున్నారో అర్థం కాక దణ్ణం పెట్టి వచ్చేశాను. వచ్చేదారిలో భాయ్ బోర్డు కనబడింది.

నా కథ కాగితాలు బల్లమీద పెట్టి సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఒకటే అడిగాడు.

“ఎవ్వలకు చెప్తానం?”

పాఠకులకు అన్నాను. వెంటనే సర్దుకుని, శ్రోతలకు అన్నాను.

“గట్ల గాదు చెల్లె. ఒక్క మనిషి. పేరు చెప్పు.”

నాకు ఒక్క పేరూ రాలేదు. ఇరవై ఏళ్లనుంచి రాస్తున్నాను, సభల్లో శాలువాలు కప్పించుకున్నాను, ఫలానా మనిషి వినాలని రాశానని చెప్పడానికి ఒక్క పేరు లేదు. భాయ్ చీరల సేల్ రికార్డు చేసేటప్పుడు నర్సంపేటలో ఉన్న వదినెను తలుచుకుంటాడట. ఆమెకు చీరల పిచ్చి, కానీ ఎవరి మాటా ఓ పట్టాన నమ్మదు. ఆమె నమ్మేట్టు చెబితే ఊరంతా నమ్ముతుంది. ఎరువులకు, పురుగుమందులకు వేరే మనిషి, పిల్లల పోలియో చుక్కలకు వేరే మనిషి. “గుంపుకు చెప్తే గుంపు ఇనది. గుంపుకు చెవులుంటయా?” అని నన్ను ఆ రోజు ఇంటికి పంపించేశాడు. మనిషి దొరికినంక రమ్మన్నాడు. డాక్టరు మందు రాయకుండా పంపినంత కోపం వచ్చింది నాకు.

వారం తర్వాత మా కాలేజీ అటెండర్ రాజమ్మ పేరు పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఖాళీ పీరియడ్‌లో నేను రాసుకుంటుంటే “ఏం రాస్తాన్లు మేడం” అని అడిగేది ఆమె ఒక్కతే. ఏంలేదు రాజమ్మా అని ప్రతిసారీ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. ఆ మాట కూడా భాయ్‌కి చెప్పాను. ఆయన నవ్వలేదు. లేచి ఫ్యాను బంద్ చేశాడు.

ఆ గదిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తలుపు పక్క గూడు. ఎవరు కొత్తగా వచ్చినా భాయ్ ముందు ఆ గూడు చూపించేవాడు. అందులో దాచినవి బాగా ఆడిన రికార్డింగులు కాదు, తన్నేసినవి. మాట్లాడే పెండ్లి పత్రికలని ఒకటి చేశాడు. పత్రికతో పాటు క్యాసెట్, అందులో పెళ్లివారి తరఫున ఆయనే ఆప్యాయంగా పిలుస్తాడు. మొదటి పెళ్లికే వరుడి తండ్రి పేరు వధువు తండ్రికి పెట్టేశాడు, చుట్టాలు సగంమంది తప్పుడు విడిదింటికి పోయి భోంచేశారు. ఇంకొకటి, హాస్టల్ పిల్లల కోసం పొద్దున లేపే అలారం. ఊళ్లు తిరిగి నిజం తల్లులతోనే “లే బిడ్డా, ఏడైంది, సదువు లేదు సంధ్య లేదు” అని తిట్టించి రికార్డు చేసుకొచ్చాడు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఆ పిల్లలు హాస్టల్లో చేరిందే ఆ తిట్లు తప్పించుకోవడానికని ఆయనకు తర్వాత తెలిసింది. ఇవన్నీ చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. ముద్దొచ్చే మనవల ఫొటోలు చూపించే తాతలు కూడా అంత మురిసిపోరు. శుక్రవారం శుక్రవారం ఆ గూడు దుమ్ము తానే దులిపేవాడు.

నేను ఒకసారి అడిగాను, ఇన్ని పోయాయి కదా భాయ్, మళ్లీ ఎట్లా మొదలుపెడతారు, భయం వెయ్యదా అని. “ఎయ్యదా మరి. బాగనే ఎస్తది,” అన్నాడు కలకండ చప్పరిస్తూ. “భయమైనప్పుడల్లా జర నీళ్లు తాగి పనిల వడ్త. పని షురూ అయినంక దాని ఫికర్ ఎవ్వలకుంటది.” అంతటి మనిషి, తన గొంతు వీధిలో వినపడితే మాత్రం పక్క గల్లీలోకి తిరిగిపోయేవాడు. బజార్లో ఆయనతో నడవడం ఒక యాతన. నాలుగడుగులకొక ఆటో వస్తుంది, నాలుగడుగులకొక మలుపు. కూరగాయలకని బయల్దేరి, అవి కొనకుండానే ఇంటికి చేరిన రోజులున్నాయి. నా గొంతు నాకే నచ్చదు చెల్లె, మంది ఎట్ల ఇంటాండ్రో అని ఆశ్చర్యపోయేవాడు.

ఎట్లాగో ఒక కథ రికార్డు చేశాం. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. రాజవ్వ అనే ముసలామె, కుంటుతున్న మేకను దుప్పట్లో చుట్టి, మనవడని చెప్పి, నర్సంపేట బస్సులో వరంగల్ పశువుల దవాఖానకు తీసుకుపోతుంది. దారిపొడుగునా కండక్టరుకు అనుమానం. చివరికి ఆమె దవాఖాన దాకా చేరుతుంది. ‘గేటు మూసి ఉంది.’ కథ అంతే. ఆ ముగింపును ఒక విమర్శకుడు మెచ్చుకున్నాడు కూడా.

రికార్డు చేసిన మరుసటి ఆదివారం ఒక సాహిత్య సభలో నోరు జారి ఈ సంగతి చెప్పాను. మా తోటి కథకుడు ఒకాయన, ఇక మైకు ఆటో మీద కథలమ్మా కథలు అని తిరుగుతారన్నమాట అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి రాత్రి భోజనం మానేశాను. తెల్లారి భాయ్ దగ్గరికి పోయి, అది చెరిపెయ్యండి, నాకీ పని వద్దు అని చెప్పేశాను. ఆయన వాదించలేదు. సరే తియ్ అని పెన్‌డ్రైవ్ డ్రాయర్‌లో వేశాడు.

ఆ డ్రాయరే కొంప ముంచింది. ఆయన దగ్గర పెన్‌డ్రైవ్‌లన్నీ ఒకే రకం. గుర్తుకు రంగు దారాలు కట్టేవాడు. నా కథకు పచ్చదారం. ఆషాఢం సేల్ పెట్టిన ఒక బట్టల దుకాణానికీ పచ్చదారమే కట్టి మరిచిపోయాడు. మూడోరోజు పొద్దున ఆటో డ్రైవర్ సారయ్య వచ్చి పచ్చదారం ఇమ్మంటే, నా కథ ఇచ్చి పంపాడు. సారయ్య హసన్‌పర్తి వైపు పోయి, మైకు ఆన్ చేసి, గల్లీలన్నీ తిప్పడం మొదలుపెట్టాడు. మరి అతనికి వినపడదా అంటే, వినపడదు. నెత్తిమీద రోజంతా ఆ మైకు హారన్ మోగుతుంటే చెవులు ఉంటాయా. మైకు ఆటోవాళ్లందరిలాగే అతనూ చెవుల్లో దూది కుక్కుకుని నడుపుతాడు. ఏం మోగుతున్నదో ఊరికి తెలుస్తుంది కానీ డ్రైవరుకు తెలియదు.

దుకాణంవాళ్లు ఫోన్ చేసి భాయ్‌ని నానామాటలూ అన్నారు. ఆయన నాకు ఫోన్ చేశాడు. “చెల్లె, గజబ్ అయింది. నీ మేక హసన్‌పర్తిల తిరుగుతాంది.” భాయ్ కావాలనే ఇట్లా చేశాడని ఎవరైనా అనుకుంటారేమో. నేనూ ఒక్క క్షణం అనుకున్నాను. కాదు. ఫోన్‌లో ఆయన గొంతు వణికింది. ఆ దుకాణం పని ఆయనకు మళ్లీ ఎప్పుడూ రాలేదు. సారయ్య ఫోన్ మోగినా అతనికి వినపడదు కనుక, నా స్కూటీ మీద ఇద్దరం బయల్దేరాం.

నీళ్ల ట్యాంకు దగ్గర దొరికాడు సారయ్య. ఆటో చుట్టూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మైకు ఆగిపోయి ఉంది. అతను రెండు చెవుల్లోంచి దూది తీసి చేతిలో పట్టుకుని, నాకేం ఎరుక అక్కా, నేను చీరలనుకున్న అని బతిమాలుకుంటున్నాడు. వాళ్ల కోపం చీరల గురించి కాదు. ఆటో ఆగకుండా పోతూ ఉండటంతో మొదటి గల్లీవాళ్లకు రాజవ్వ బస్సెక్కడం వినపడింది, రెండో గల్లీవాళ్లకు కండక్టరు దుప్పటి లాగబోవడం వినపడింది, ట్యాంకు దగ్గరివాళ్లకు ఒక్క గేటు మాత్రమే వినపడింది. మూడు గల్లీల వాళ్లూ ఒకచోట చేరి కథను అతికించుకుంటున్నారు. అతికించాక చివర ఏమీ మిగల్లేదని తేలింది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఒక పెద్దావిడ, అందరూ అవ్వా అంటున్నారు, సూటిగా అడిగింది.

“గేటు మూసి ఉంటే, మరి మేకకు నయమైందా కాలేదా?”

సారయ్య భాయ్‌ని చూశాడు. భాయ్ నన్ను చూశాడు. నా దగ్గర కాగితం లేదు, రాసుకున్నది లేదు. ముగింపును పాఠకుల ఊహకే వదిలేశాను అని ఆ అవ్వతో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఏం చెప్పానో నాకే తెలియదు, నోరు తెరిచాను, వచ్చేసింది. డాక్టరు బువ్వకు పోయిండవ్వా అన్నాను. వాచ్‌మన్ గేటు తీసిండు. వాచ్‌మనే మేక కాలు పట్టుకొని చూసి, గిట్టల ఇరుక్కున్న తుమ్మముల్లు పీకిండు. మేక లేచి ఒక దులుపు దులుపుకొని, డాక్టరు టేబుల్ మీద రిజిస్టరుంటే రెండు కాయితాలు నమిలింది. ఇప్పుడు రాజవ్వ కండక్టరుకు భయపడ్డదానికంటే ఎక్కువ డాక్టరుకు భయపడి, మేకను మళ్ల దుప్పట్ల చుట్టుకొని ఉర్కింది. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అవ్వ కూడా చింతపండు పక్కన పెట్టి నవ్వింది. నా జీవితంలో నేను చెప్పిన మాటకు అంతమంది ఒక్కసారి నవ్వడం అదే మొదలు. ఒళ్లంతా వేడెక్కింది.

“మంచిగున్నది. గీ కథ ఎవ్వలు రాసిండ్రు?” అంది అవ్వ.

“తెల్వదవ్వా. ఎవరో,” అన్నాను.

భాయ్ నేలచూపులు చూశాడు. తిరుగుదారిలో చెరువు దాటాక, స్కూటీ వెనకనుంచి, పేరెందుకు చెప్పలేదు అని అడిగాడు. బాగా లేకపోతే ఉన్న పేరు పోతుంది భాయ్, ఇరవై ఏళ్లు పట్టింది సంపాదించుకోవడానికి అన్నాను. ఇందాకే కదా నవ్వారు, అది చాలలేదా అన్నాడు. వాళ్లు మేకకు నవ్వారు, నా పేరుకు కాదు అన్నాను. నా మాటలు నాకే వంకరగా వినపడ్డాయి.

“నా గొంతు ఊరంత తిరుగుతది, పేరు ఎవ్వలకు తెల్వది. నడుస్తది. ఎందుకంటే నేను చెప్పేది మందిది,” అన్నాడు భాయ్. “నువ్వు చెప్పేది నీది చెల్లె. రాజవ్వ మేకను దాపెట్టినట్టు నిన్ను నువ్వు దుప్పట్ల చుట్టుకుంటె ఎట్ల?”

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడి గెలిచేదాన్ని. ఎత్తకపోవడం వల్ల అది నాలోనే ఉండిపోయింది.

రెండు రోజులు దిగులుగా ఉన్నాడు పాపం. మూడోరోజు ఆ పచ్చదారం పెన్‌డ్రైవ్ మీద ‘మేక’ అని చీటీ అంటించి గూట్లో పెట్టాడు. కానీ అది అక్కడ ఎంతోకాలం నిలవలేదు. హసన్‌పర్తి వైపు ఏ పనిమీద పోయినా సారయ్యను ఆ ఆడవాళ్లు ఆపి, ఇంకో కథ తెచ్చినవా అని అడగడం మొదలుపెట్టారు. అతను మధ్యాహ్నం ట్యాంకు నీడలో బండి ఆపి బువ్వ తింటాడు. ఆ తిన్నంతసేపు కథ పెడితే ఎవరికీ అడ్డం లేదు, ఏ సేల్‌కూ నష్టం లేదు. ఈ ఏర్పాటు భాయ్‌దే. నేను ఒప్పుకున్నాను, ఒక్క షరతు మీద. పేరు చెప్పకూడదు. ప్రతి కథ ముందూ భాయ్ గొంతు ఒక్క ముక్క అంటుంది: “అమ్మా, పని చేసుకుంటనే ఇనుండ్రి, కథ.” తర్వాత పేరులేని నా గొంతు.

అట్లా ఏడాదిన్నర నడిచింది. నేను ఒక్కసారీ అటు పోలేదు. భాయ్ అప్పుడప్పుడు పోయి వచ్చి నాకు వార్తలు చెప్పేవాడు. ఫలానా కథకు అవ్వ ఏడ్చింది. ఫలానా కథ సగంలో అందరూ లేచి నీళ్లు పట్టుకోను పోయిండ్రు. లేచిపోయిన కథలను దాచకుండా చెప్పేవాడు, పైగా ఏ వాక్యం దగ్గర లేచారో గుర్తుపెట్టుకుని వచ్చేవాడు. ఆ వాక్యాలు చూసుకుంటే నిజంగానే అక్కడ నేను మా అటెండర్ రాజమ్మను మరిచిపోయి సభకు చెబుతూ ఉండేదాన్ని. నా చదువంతా నాకు నేర్పనిది ఆ నల్లా నేర్పింది. ఇది ఇక తన్నేసిన లెక్కలోకి రాదని భాయ్ గూట్లోంచి ‘మేక’ను తీసి నాకిచ్చేశాడు. ఇచ్చాక ఖాళీ అయిన చోటు చూసి, మళ్ల ఏదన్న కొత్తది చెయ్యాలె, గూడు బోడిగ ఉన్నది అన్నాడు.

పోయిన ఏడు ఒక శుక్రవారం నమాజుకు పోయి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు. లేవలేదు. నేను పోయేసరికి మసీదు మైకులో ఆయన చనిపోయిన కబురు చెబుతున్నారు. ఎవరో గబగబా, పేరు సగం మింగేసి, ఎన్ని గంటలకు తీసుకుపోతారో ఒక్కసారే చెప్పి వదిలేశారు. నాకు అంత దుఃఖంలోనూ ఒళ్లు మండింది. భాయ్ ఉంటే ఆ ముక్క మూడుసార్లు చెప్పించేవాడు, నిమ్మళంగా చెప్పించేవాడు. ఉంటే అనుకున్నాక ఏడుపు ఆగలేదు. వాళ్లింటి వాకిట్లో, ఎవరో తెలియని ఆడవాళ్ల మధ్య కూర్చుని, చిన్నపిల్లలాగా ఏడ్చాను.

రికార్డు చేసిపెట్టినవి ఇంకొన్ని వారాలకు వచ్చాయి. తర్వాత సారయ్య ఫోన్లు మొదలయ్యాయి. కథలైపోయినయి మేడం, ఆడోళ్లు నన్ను బువ్వ తిననిస్తలేరు అని. పరీక్షలన్నాను. పేపర్లు దిద్దాలన్నాను. జ్వరమన్నాను. మళ్లీ పరీక్షలన్నాను. నిజం ఏంటంటే ఆ గదికి తాళం పడింది, ముందు ఆయన గొంతు లేకుండా నా గొంతు ఒంటరిగా పోవాలంటే నాకు చేతకాలేదు. పేరులేని గొంతుకు ఆయన గొంతే పేరుగా ఉండేదని అప్పుడు తెలిసింది. ఇక ఈ ముచ్చట ఇంతటితో సరి, హాయిగా అచ్చుకు రాసుకుందాం అని నిర్ణయించుకుని, ఆ నిర్ణయంతో రెండు నెలలు ఒక్క వాక్యం రాయలేకపోయాను.

అదిగో అట్లాంటప్పుడు, పోయిన బుధవారం, భాయ్ వచ్చి కూలర్లడిగాడు. ఆ సాయంత్రమే సారయ్యకు నేనే ఫోన్ చేశాను. శనివారం ఎటు పోతున్నావన్నాను. హసన్‌పర్తే మేడం, పెన్‌డ్రైవ్ ఏదన్నాడు. పెన్‌డ్రైవ్ లేదు, నేనే వస్తానన్నాను. అతను ఎంతసేపటికీ ఏమీ అనకపోతే, దూది పెట్టుకున్నాడేమో అనుకుని మళ్లీ గట్టిగా చెప్పాను. ఇనవడ్డది మేడం, నమ్మబుద్ధైతలేదు అన్నాడు.

మూడు కాగితాలు రాసుకుని వెళ్లాను. అందులో నా పేరు, నా కాలేజీ, ఇన్నాళ్లూ ఎందుకు దాచానో, ఆ రోజు ఎందుకు అబద్ధమాడానో, వచన సాహిత్యంలో రచయితకూ శ్రోతకూ ఉండవలసిన సంబంధమేమిటో అన్నీ ఉన్నాయి. ట్యాంకు నీడలో పాతికమంది దాకా ఉన్నారు. కొందరు బియ్యం ఏరుతున్నారు, ఒకామె రవికెకు గుండీలు కుడుతోంది. అవ్వ గోంగూర తుంచుతోంది. సారయ్య నా చేతికి మైకు ఇచ్చి, టిఫిన్ డబ్బా తెరుచుకుని పక్కన కూర్చున్నాడు. మైకు ఆన్ చెయ్యగానే గరగరమని చప్పుడొచ్చింది. అందరూ తలెత్తారు.

నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఇన్ని రోజులూ మీరు విన్న కథలన్నీ రాసింది నేనే, ఆ రోజు తెల్వదని అబద్ధం చెప్పిన అన్నాను. అని ఆగాను. నేను ఇరవై ఏళ్లు కాపాడుకుంటూ వచ్చిన పేరు హసన్‌పర్తి గాల్లో అట్లా నిలబడింది. రెండో కాగితం తిప్పబోయాను.

అవ్వ గోంగూర మీదినుంచి చూపు తిప్పలేదు.

“పేరు మంచిగనే ఉన్నది బిడ్డా. కథ షురూ చెయ్యి, సారయ్య తినుడైపోతాంది.”

కాగితాలు మూడూ సంచిలో కుక్కి, కథ మొదలుపెట్టాను.